పొటాషియానికి తొందరగా లొంగని ఉత్ప్రేరకం: గడ్డి బాయిలరులో వాడి చూశాక

డెన్మార్క్‌లో గోధుమ గడ్డిని మండించి విద్యుత్తునూ, ఊరి ఇళ్లకు వేడినీటినీ అందించే ప్లాంటులో నేను పనిచేస్తున్నాను. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అమోనియా సాయంతో నైట్రోజన్, నీటి ఆవిరిగా మార్చడానికి మేము మొదట వాడినది బొగ్గు ప్లాంట్లలో దశాబ్దాలుగా నడుస్తున్న రకం ఉత్ప్రేరకమే. అంటే టైటానియం డయాక్సైడ్ మీద వెనేడియం, టంగ్‌స్టన్ ఆక్సైడ్లు ఉన్న తేనెపట్టు ఆకారపు దిమ్మలు. బొగ్గు పొగలో ఏళ్ల తరబడి నిలిచే ఆ దిమ్మలు మా దగ్గర నెలల్లోనే చతికిలబడ్డాయి. బొగ్గు బూడిదలో పొటాషియం చాలావరకు అల్యూమినోసిలికేట్లలో (అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాల్లో) చిక్కుకొని ఉంటుంది. గడ్డిలోని పొటాషియం మాత్రం క్లోరైడుగా, సల్ఫేటుగా పొగలో కలిసి, మైక్రాను కంటే చిన్న కణాలుగా మారి, ఉత్ప్రేరకం ఉపరితలం మీద అమోనియా పట్టుకోవలసిన ఆమ్ల స్థానాలను (ఆమ్ల గుణం గల చోట్లను) ముందుగానే ఆక్రమిస్తుంది.

తరువాత ప్రయోగంగా అమర్చిన దిమ్మలకు మెగ్నీషియం ఆక్సైడ్ పూత ఉంది. పొటాషియం ఒక ఆమ్ల స్థానం నుంచి పక్కదానికి జరుగుతూ లోపలికి పాకుతుంది కనుక, క్షార స్వభావం గల ఈ పూతలో దానికి ఆసరా దొరకదు. వాయువులు మాత్రం సన్నని రంధ్రాల గుండా దాటిపోతాయి. ఇంత సూటిగా రోగమూలాన్ని పట్టుకున్న ఆలోచనను ఈ రంగంలో నేను అరుదుగా చూశాను. పాత దిమ్మలు డీలాపడిన కాలానికి ఇవి ఇంకా దిట్టంగా పనిచేస్తున్నాయి.

లోపాలూ ఉన్నాయి. పూతను దాటి రావలసిన వాయువుకు అడ్డు పెరుగుతుంది గనుక కొత్తలో చురుకుదనం కొంత తక్కువ. అందుకు తగ్గట్టు ఎక్కువ దిమ్మలు పెట్టుకోవాలి. కొన్ని అంచుల్లో పూత పెచ్చులూడింది. అన్నిటికన్నా నన్ను బాధించినది, అమ్మినవారు ఇచ్చిన పత్రంలో కొత్త దిమ్మ పనితీరే తప్ప, వేల గంటల తరువాతి పనితీరు లేకపోవడం. డీలాపడిన దిమ్మలను నీటితో కడిగితే పొటాషియం లవణాలు కరిగిపోతాయి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే ఆమ్ల స్థానాలు మరింత బాగా తిరిగి వస్తాయి. కానీ దానితో పాటు కొంత వెనేడియం కూడా కరిగిపోతుంది.

దిమ్మలను, పొగలోని బూడిదను గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ ఫిల్టరు తరువాత పెట్టే దారి ఉంది గాని, చల్లబడిన పొగను మళ్లీ వేడి చేసే ఖర్చు తప్పదు. కోపెన్‌హాగెన్ దగ్గరి అవెడోర్ ప్లాంటులో చెక్క గుళికలతో పాటు బొగ్గు బూడిదను కలిపి మండించి పొటాషియాన్ని ముందే బంధిస్తారు. అది చేతనైనచోట మామూలు దిమ్మలే చాలవచ్చు.

మన తెలుగు నేల మీద వరి ఊకతో నడిచే ప్లాంటుకు ఎవరైనా దీన్ని ఆలోచిస్తే, ఊక బూడిదలో అధికంగా ఉండే సిలికా వల్ల రంధ్రాలు పూడుకోవడాన్నీ, అరుగుదలనూ ముందు లెక్కలోకి తీసుకోవాలి. పత్తి కట్టె కలిపితే పొటాషియం బెడద కూడా వచ్చి చేరుతుంది. మా ప్లాంటుకైతే ఉత్ప్రేరకపు తరువాతి పొరకూ ఈ దిమ్మలనే తెప్పించమని రాశాను, కాకపోతే మా పొగలోనే పరీక్షించిన క్షీణత లెక్కను ఒప్పందంలో చేర్చాలన్న షరతుతో.