కీ4హెప్: భావి కొలైడర్ల ఉమ్మడి సాఫ్ట్‌వేర్ వాడకానికి ఎలా ఉంది?

కణాలను ఢీకొట్టించే కొలైడర్‌లో పెట్టే డిటెక్టర్ కోసం ఒక దేశంలో క్యాలరీమీటర్ (కణాల శక్తిని కొలిచే భాగం) డిజైన్ చేస్తారు, ఇంకో దేశంలో ట్రాకర్ (వాటి దారిని గుర్తించే భాగం). రెండూ ఒకే సిమ్యులేషన్‌లో నడిచేదాకా ఆ డిటెక్టర్ పనితీరు గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు. 2019లో ఇటలీలోని బొలోన్యాలో ఎఫ్‌సీసీ, ఐఎల్‌సీ, క్లిక్, సీఈపీసీ అనే ప్రతిపాదిత కొలైడర్ల బృందాలు కూర్చుని ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌కు ఒప్పుకున్నది అందుకే. అందులోంచి వచ్చిందే కీ4హెప్.

దీనికి ప్రాణం ఈడీఎం4హెప్ అనే డేటా మోడల్. హిట్ (కణం డిటెక్టర్‌ను తాకిన గుర్తు), ట్రాక్ (కణం దారి), క్లస్టర్ (క్యాలరీమీటర్‌లోని హిట్ల గుంపు) ఎలా రాయాలో ఒక్క యామల్ అనే టెక్స్ట్ ఫైలులో ఉంటుంది, దాన్నుంచి సీ++ కోడ్‌ను పోడియో అనే టూల్ తయారుచేస్తుంది. ఒకరి ఫైలును ఇంకొకరు కన్వర్టర్ లేకుండా చదవగలగడం ఎంత సమయం మిగులుస్తుందో అన్ని బృందాలతో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. ఈ ఒక్కదానికోసమైనా దీన్ని వాడాలి.

ఇన్‌స్టలేషన్ సులువు. సీవీఎంఎఫ్ఎస్ (సాఫ్ట్‌వేర్‌ను నెట్ ద్వారా అందించే ఫైల్ సిస్టమ్) ఉన్న లినక్స్‌లో సెటప్ స్క్రిప్టును సోర్స్ చేస్తే చాలు. ఫైళ్లు అడిగినప్పుడే నెట్ మీద వస్తాయి కాబట్టి మొదటిసారి నెమ్మదిగా ఉంటుంది, తర్వాత క్యాష్ నుంచి వస్తాయి. రిలీజ్ మార్చాలంటే కొత్త టెర్మినల్ తెరవండి. మీరు మార్చిన ప్యాకేజీని కంపైల్ చేశాక కే4_లోకల్_రెపో కమాండ్ మరిచిపోతే పాత లైబ్రరీయే లోడవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, మీ మార్పు మాత్రం కనబడదు.

యూనిట్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. జ్యామితిని ఇచ్చే డీడీ4హెప్ పొడవును సెంటీమీటర్లలో లెక్కిస్తుంది, ఈడీఎం4హెప్ మిల్లీమీటర్లలో. జ్యామితి నుంచి తీసుకున్న వ్యాసార్థాన్ని నేరుగా హిట్ స్థానంతో పోలిస్తే 10 రెట్లు తేడా వస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం హాయిగా నడుస్తుంది. సంఖ్యను డీడీ4హెప్ వారి ఎంఎం స్థిరాంకంతో భాగించాకే వాడండి.

సిమ్యులేషన్ నడిపే డీడీసిమ్‌లో అవుట్‌పుట్ ఫైలు పేరే ఫార్మాట్‌ను నిర్ణయిస్తుంది. చివర .ఎస్ఎల్‌సీఐఓ అని ఉంటే పాత ఎల్‌సీఐఓ ఫార్మాట్, .ఈడీఎం4హెప్.రూట్ అని ఉంటే కొత్త ఈడీఎం4హెప్. ఫైలు సైజు తగ్గిద్దామని ఎంసీపార్టికల్ కలెక్షన్‌ను (సిమ్యులేషన్‌లోని అసలు కణాల జాబితా) తీసేయొద్దు. హిట్లు ఏ కణం నుంచి వచ్చాయో చెప్పే లింకులు దానివైపే చూపిస్తాయి, అది లేకపోతే ట్రాకింగ్ సామర్థ్యం లెక్కే కట్టలేరు. ఫైలులో ఏముందో పోడియో-డంప్ కమాండ్‌తో ముందే చూసుకోండి.

ఐఎల్‌సీ కాలం నాటి మార్లిన్ ఫ్రేమ్‌వర్క్ ప్రాసెసర్లను (ఒక్కో పని చేసే కోడ్ భాగాలను) కే4మార్లిన్‌ర్యాపర్, కీ4హెప్ వాడే గాడీ ఫ్రేమ్‌వర్క్ లోపల నడిపిస్తుంది. ఏళ్ల తరబడి పదును పెట్టిన రీకన్‌స్ట్రక్షన్ కోడ్ (హిట్ల నుంచి కణాలను తిరిగి గుర్తించేది) వృథా కాలేదంటే దీని చలవే. కానీ ప్రతి ఈవెంట్‌కూ డేటాను అటూ ఇటూ మార్చాలి, మల్టీథ్రెడింగ్ కుదరదు. కొత్త అల్గారిథమ్ రాస్తుంటే నేరుగా గాడీ ఫంక్షనల్ పద్ధతిలోనే రాయండి.

లోటు డాక్యుమెంటేషన్‌లో ఉంది. సమాచారం రకరకాల రిపాజిటరీల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. చాలా ఆప్షన్లు టెస్టు ఫైళ్లు తిరగేస్తేనే దొరుకుతాయి. కొత్తగా చేరే చిన్న బృందానికి ఇది నిజంగా భారం, పక్కన తెలిసినవాళ్లు ఉండకపోవచ్చు కదా.

రోజూ రాత్రి తయారయ్యే నైట్లీ బిల్డ్‌లు డెవలప్‌మెంట్‌కే. కొన్నాళ్లకు వాటిని తొలగిస్తారు, డేటా మోడల్ మారితే వాటితో రాసిన ఫైలు పాత రిలీజ్‌లో తెరుచుకోకపోవచ్చు. ఇతర బృందాలకు శాంపిల్ పంపేటప్పుడు స్థిరమైన రిలీజ్‌తోనే తయారుచేసి, రిలీజ్ తేదీ, డిటెక్టర్ జ్యామితి వెర్షన్, ర్యాండమ్ సీడ్, స్టీరింగ్ ఫైలు (సెట్టింగులు ఉండేది) జతచేయండి.