ఈక్విల్యాబ్, ఒక పైథాన్ స్క్రిప్టు: హోల్డెమ్ హ్యాండ్ల సిమ్యులేషన్‌పై చాలాకాలం వాడాక సమీక్ష

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో చేతికొచ్చే మొదటి రెండు ముక్కల (హ్యాండ్) సత్తా తేల్చుకోవడానికి రెండు పనిముట్లు వాడుతున్నాను. ఒకటి విండోస్‌లో నడిచే ఉచిత ప్రోగ్రాం ఈక్విల్యాబ్. రెండోది పోకర్ హ్యాండ్లకు స్కోరు ఇచ్చే ట్రీస్ లైబ్రరీతో రాసుకున్న పైథాన్ స్క్రిప్టు. లెక్కల్లో రెండూ నమ్మదగ్గవే. తేడా కొట్టేది మనం వేసే ప్రశ్న దగ్గర.

అవతలివాడి దగ్గర ఏ రెండు ముక్కలైనా ఉండొచ్చు అనుకుని నడిపితే గెలుపులో వాటా ఆసుల జతకు 85.2 శాతం, రాజుల జతకు 82.4, సూటెడ్ (రెండూ ఒకే గుర్తువి) ఆసు-రాజుకు 67, రెండ్ల జతకు 50.3 వస్తాయి. అందరూ తిట్టిపోసే ఏడు-రెండు ఆఫ్‌సూట్‌కు (వేర్వేరు గుర్తులవి) 34.6. ఒక్కడితో ఆడేటప్పుడు అట్టడుగున ఉండేది అది కాదు, 32.3 శాతంతో మూడు-రెండు ఆఫ్‌సూట్. రాణి-ఏడు ఆఫ్‌సూట్‌ను 'కంప్యూటర్ హ్యాండ్' అనడం కూడా ఇలాంటి పట్టిక వల్లే, 51.8తో ఇంచుమించు మధ్యలో ఉంటుంది. సరదాగా ఉంటుంది గానీ ఈ పట్టికను ఒకసారి చూసి పక్కన పెట్టేయొచ్చు. ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోసినవాడి చేతిలో ఏవో రెండు ముక్కలు ఉండవు కదా.

రేంజ్, అంటే అవతలివాడి దగ్గర ఉండగల హ్యాండ్ల జాబితా, ఇచ్చినప్పుడే ఈ పనిముట్ల అసలు ఉపయోగం తెలుస్తుంది. మన చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు రాజు ఉన్నాయి. అవతలివాడు రాణుల జత, రాజుల జత, ఆసుల జత, ఆసు-రాజు, వీటితో మాత్రమే తోస్తాడనుకుందాం. మామూలుగా ఇవి 34 కాంబోలు (గుర్తులతో సహా లెక్కేసిన రెండు ముక్కల కలయికలు). ఒక ఆసు, ఒక రాజు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆసుల జత 6 నుంచి 3కి, రాజుల జత 6 నుంచి 3కి, ఆసు-రాజు 16 నుంచి 9కి పడిపోతాయి. రాణుల జత 6 అలాగే ఉంటుంది. మొత్తం 21. వాటిమీద మన వాటా వరుసగా 7, 30, దాదాపు 50, 43 శాతం. కాంబోల బరువు వేసి సగటు తీస్తే 39 దగ్గర తేలుతుంది. ఏవో రెండు ముక్కల మీద 65 శాతం చూపించిన హ్యాండే ఇది!

సొంతంగా కోడ్ రాసేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. హ్యాండ్లు 169 రకాలే, కాంబోలు మాత్రం 1,326. జతకు 6, సూటెడ్‌కు 4, ఆఫ్‌సూట్‌కు 12. రకాలన్నిటికీ సమాన బరువు ఇస్తే పై లెక్క 39 బదులు 36 దగ్గరకు దిగిపోతుంది. చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది కాబట్టి తప్పు ఒక పట్టాన బయటపడదు.

ట్రీస్‌లో స్కోరు ఎంత తక్కువైతే హ్యాండ్ అంత గట్టిది, రాయల్ ఫ్లష్‌కు 1, అన్నిటికన్నా నాసిరకానికి 7462. పోలిక తిరగేసి రాస్తే ఆసుల జతకు 15 శాతం వస్తుంది, వెంటనే పట్టేయొచ్చు. టై అయిన ఆటలకు సగం పాయింటు వేయడం మర్చిపోతే మాత్రం అంత తేలిగ్గా కనబడదు. దానికో పరీక్ష ఉంది. ఒకరి దగ్గర ఇస్పేటు ఆసు, కళావరు రాజు, ఇంకొకరి దగ్గర ఆటీను ఆసు, డైమండ్ రాజు పెట్టి నడపండి. 95 శాతం పైగా టైలే రావాలి, ఇద్దరికీ వాటా 50 కావాలి. 2 శాతం చూపిస్తే సగం పాయింటు ఎక్కడో జారిపోయినట్టే. ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులకు రేంజ్‌లు ఇచ్చినప్పుడు మరో చిక్కు. ఒకరి ముక్కలు ఇంకొకరివాటితో ఢీకొంటే ఆ రెండోవాడికే మళ్ళీ తీయకూడదు, అలా చేస్తే బరువులు వంకర పోతాయి. అందరివీ పారేసి మొదటి నుంచి తీయాలి. కొంచెం నెమ్మదిస్తుంది, తప్పదు.

ఎన్నిసార్లు నడపాలి? 10,000 ఆటలకు పొరపాటు అటూ ఇటూ 1 శాతం దాకా, 10 లక్షలకు 0.1 దాకా ఉంటుంది. పదింతల కచ్చితత్వం కావాలంటే వందింతల ఆటలు. అయితే రెండు హ్యాండ్లూ తెలిసినప్పుడు ఈ గొడవే లేదు, బోర్డులు (అందరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కలు) మొత్తం 17,12,304 మాత్రమే. ఈక్విల్యాబ్ అన్నిటినీ వరసగా లెక్కేసేస్తుంది. మన రెండు ముక్కలు తెలిసి అవతలివాడివి ఏవైనా కావచ్చంటే ఆ సంఖ్య సుమారు 210 కోట్లు, పైథాన్‌కు మించిన పని. అక్కడ యాదృచ్ఛికంగా తీయడమే నయం.

టేబుల్ నిండా మనుషులుంటే అంకెను చదివే తీరు మార్చుకోవాలి. తొమ్మిదిమందిపై ఆసుల జత గెలిచేది 31 శాతమే అని నిరుత్సాహపడేవాళ్ళున్నారు. పదిమందిలో న్యాయంగా ఒక్కొక్కరి వాటా 10, అంటే ఇది మూడింతలు. ఒక్కడిపై 85 శాతం అంటే 50కి 1.7 రెట్లే.

వీటికి పందెం సంగతి తెలియదు. చివరి ముక్క దాకా ఇద్దరూ ఉంటారన్న లెక్క ఇది. రెండ్ల జతకు 50.3 అన్నారు గానీ ఫ్లాప్‌లో (మొదట పరిచే మూడు ఉమ్మడి ముక్కల్లో) మూడో రెండు పడేది 11.8 శాతం సార్లే, మిగతాసార్లు పైముక్కలు చూసి వదిలేయాల్సిందే. 100 బ్లైండ్ల (ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందెం) స్టాక్‌తో, అంటే అన్ని చిప్స్‌తో, ఆడేవాళ్ళు పందేలను కూడా లెక్కేసే సాల్వర్ ప్రోగ్రాం దగ్గరకు వెళ్ళడం మంచిది.

చిన్న స్టాక్‌తో తోయడమో వదలడమో అన్నప్పుడు మాత్రం సరిగ్గా ఇదే కావాలి. బటన్ (డీలర్ స్థానంలో ఉన్నవాడు) 10 బ్లైండ్లు తోశాడు, సగం బ్లైండ్ పెట్టిన స్మాల్ బ్లైండ్ వదిలేశాడు, మనం 1 బ్లైండ్ ముందే పెట్టిన బిగ్ బ్లైండ్. మధ్యలో ఉన్న 11.5 కోసం ఇంకో 9 పెట్టాలి, కాబట్టి 43.9 శాతం వాటా ఉంటే చాలు. పైన చెప్పిన 39తో ఆసు-రాజును సైతం పారేయాలి. కానీ 10 బ్లైండ్లతో 34 కాంబోలకే, అంటే 2.6 శాతం హ్యాండ్లకే పరిమితమయ్యేవాడు అరుదు. రేంజ్‌ను ఎనిమిదుల జత నుంచి పైకి, ఆసు-పది నుంచి పైకి పెంచి మళ్ళీ నడిపితే అదే ఆసు-రాజు 55 దాటుతుంది.