కోబే వన్ డే టూర్ కొనే ముందు ‘అవుట్‌సైడ్ వ్యూ’ అన్న మాట వెతకండి

జపాన్‌లో ఒసాకా నుంచి కోబేకి వన్ డే బస్ టూర్ తీసుకుందామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పోయిన నెల అమ్మా నాన్నలతో కలిసి మేం నలుగురం మనిషికి 12,500 యెన్ చొప్పున 50,000 కట్టి వెళ్లాం. కంపెనీ పేరు రాయను. తిరిగొచ్చాక చూస్తే ఇంకో మూడు నాలుగు పేజీల్లోనూ ఇదే సరుకు కనిపించింది.

పేజీలో పోర్ట్ టవర్, కితానోలో పాతకాలం విదేశీ వర్తకుల బంగళాలు, వెజిటేరియన్ లంచ్ అన్నీ ఫొటోలతో సహా ఉన్నాయి. కితానోలో గేటు బయట నిలబెట్టి, లోపలికి వెళ్లాలంటే టికెట్ మీరే కొనుక్కోవాలన్నారు. అక్కడ ఇంటింటికీ వేరే టికెట్. కొనడానికి సిద్ధపడినా టైమేదీ? ఇరవై నిమిషాల్లో మళ్లీ బస్సెక్కాలి. అప్పుడు ఫోన్‌లో పేజీ తెరిచి చూస్తే ప్రతి పేరు పక్కనా బూడిదరంగు చిన్న అక్షరాల్లో ‘అవుట్‌సైడ్ వ్యూ’ అని ఉంది. బుక్ చేసేటప్పుడు నా కంటికి ఆనలేదు. ఆ మాటకు అర్థం బయట నుంచి చూసి ఫొటో దిగి రావడమే.

లంచ్ సంగతి ఇంకా దారుణం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. వేడి వేడి టోఫూ మీద, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులాంటివేవో చల్లి తెచ్చారు. ఆవిరికి అవి మెలికలు తిరుగుతున్నాయి. “ఇవేంట్రా, కదుల్తున్నాయి?” అంది అమ్మ. అవి కట్సువోబుషి, అంటే ఎండబెట్టిన చేపను పలచగా చెక్కిన పొరలు. మిసో సూప్‌లోనూ అదే చేప మరిగించి తీసిన రసం, దాషి అంటారు. మాంసం ముక్క లేదు కదా, వెజ్జే అన్నది వాళ్ల లెక్క. అమ్మ ఉత్త అన్నం, రెండు ముల్లంగి ఊరగాయ ముక్కలతో లేచింది. బుకింగ్‌లో ‘వెజిటేరియన్’ అని టిక్ పెట్టి ఊరుకోకండి. చేప దాషి కూడా వద్దని విడిగా రాయండి, వాళ్లు ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి.

తర్వాత గిఫ్ట్ షాపులో యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. మెరికెన్ పార్కుకి మాత్రం పాతికే. 108 మీటర్ల ఎర్ర టవర్‌ని కింద నుంచే చూశాం. ఆ పార్కులోనే 1995 జనవరి 17 భూకంపానికి విరిగిన రేవుగట్టు ముక్కను, ఒరిగిపోయిన దీపస్తంభాలతో సహా అలాగే ఉంచారు. 6,434 మందిని మింగిన భూకంపం అది. నాన్న అక్కడ కదలకుండా నిలబడిపోతే గైడ్ వాచీ చూపించింది. పాపం, ఆ అమ్మాయిని అనడానికేం లేదు, ఆమె చేతిలో ఉన్న టైమ్‌టేబులే అలాంటిది.

అక్కడే మేం బస్సు వదిలేశాం. టాక్సీలో మళ్లీ కితానో వెళ్లి ముందు ఇండియన్ రెస్టారెంట్‌లో అమ్మకు పప్పూ రోటీ పెట్టించాం. కోబేలో మన దేశపు వ్యాపార కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. పాలరాతి జైన మందిరం ఉంది, 1935లో కట్టిన జపాన్ తొలి మసీదు కూడా ఆ చుట్టుపక్కలే. పొద్దున బస్సు ఇదే పేటకు వచ్చినా వీటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

తిరిగి సన్నోమియా స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో ఒసాకా. మనిషికి 500 యెన్ కూడా కాలేదు. నిజానికి ఈ టూర్ అవసరమే లేదు. పెద్దవాళ్లున్నారు, బస్సే కావాలి అంటారా, టవర్ పైకి టికెట్ ఇందులో ఉందా, ఒక్కో చోట ఎన్ని నిమిషాలు, షాపింగ్ స్టాప్ ఎంతసేపు అని రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టే ముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి. నేను తీయలేదు.

రిఫండ్ అడిగితే తొమ్మిది రోజులకు 3,000 యెన్ కూపన్ పంపారు. ఆరు నెలల్లోగా వాళ్ల టూర్‌కే వాడాలట.