క్లాట్సాప్ కోటకి తిరగబడ్డ "అ"తో

పెన్సిల్ రబ్బరు మీద మా అమ్మాయికి "అ" అని స్టాంపు చెక్కాను. కాగితం మీద వేసి చూస్తే తిరగబడి పడింది! అద్దంలో కనిపించినట్టు చెక్కాలన్న సంగతి అప్పుడు గానీ తట్టలేదు. ఇంకోటి చెక్కే టైం లేక శనివారం పొద్దున్నే దాంతోనే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరో నుంచి అదే రాష్ట్రంలోని ఆస్టోరియాకి బయల్దేరాం. రెండు గంటల లోపు ప్రయాణం.

ఈ స్టాంపు గొడవంతా లెటర్‌బాక్సింగ్ కోసం. ఎవరో చిన్న డబ్బాలో రబ్బరు స్టాంపు, నోటుపుస్తకం పెట్టి దాచేస్తారు. ఆనవాళ్లు పట్టుకుని మనం వెతకాలి. దొరికాక వాళ్ల స్టాంపు మన పుస్తకంలో, మనది వాళ్ల పుస్తకంలో వేసి, డబ్బాని ఉన్నచోటే పెట్టేయాలి. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో 1854లో మొదలైన సరదా ఇది.

ముందు ఫోర్ట్ క్లాట్సాప్. అమెరికా పడమటి వైపుని అన్వేషించడానికి బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం పసిఫిక్ దాకా వచ్చి 1805-06 చలికాలం గడిపిన చోటు. ఇక్కడున్న 106 రోజుల్లో వాన పడనివి 12 రోజులే. మేం వెళ్లిన రోజూ వాన ఆగలేదు. ఇప్పుడున్నది అసలు కోట కాదు. 1955లో కట్టిన నమూనా 2005లో కాలిపోతే మరుసటి ఏడాది మళ్లీ కట్టారు. పొడవూ వెడల్పూ 50 అడుగులే. అందులో 33 మంది, వాళ్లలో బృందంతో వచ్చిన స్థానిక తెగ ఆవిడ సకాజవియా ఒళ్లో ఏడాది నిండని పసివాడు! చెక్క మంచాల గది చీకటిగా, చెమ్మ వాసనతో ఉంది. పాత వేషాలు, తుపాకీ ప్రదర్శనలు చూడాలంటే వేసవిలో వెళ్లండి. కానీ వాళ్ల అవస్థ అర్థం కావాలంటే వానలోనే చూడాలి. టికెట్ పెద్దవాళ్లకి 10 డాలర్లు, పిల్లలకి ఉచితం.

నాకు బాగా పట్టుకున్నది వేరే. లూయిస్ దగ్గర తన పేరుతో వాతలేసే ఇనుప ముద్ర ఉండేది. అది ఇప్పటికీ పోర్ట్‌లాండ్‌లో ఒరెగాన్ హిస్టారికల్ సొసైటీ దగ్గరుంది. క్లార్క్ అయితే కత్తితో చెట్ల మీద పేరు చెక్కేవాడు. 1806 మార్చిలో కోట వదిలి వెళ్తూ అందరి పేర్లూ రాసి గోడకి అంటించారు. అంటే స్టాంపూ, లాగ్‌బుక్కూ అప్పుడే ఉన్నాయన్నమాట!

ఈ కోట ఉన్నది నేషనల్ పార్క్‌లో, అక్కడ అనుమతి లేకుండా లెటర్‌బాక్సింగ్ డబ్బాలు దాచకూడదు. మేం వెతికే డబ్బా ఆస్టోరియాలో, కేథడ్రల్ ట్రీ అనే పెద్ద చెట్టుకి వెళ్లే దారిలో ఉంది. దారి పై చివర ఆస్టోరియా కాలమ్ అనే ఎత్తైన స్తంభం ఉంది, లోపల 164 మెట్లు. పైనుంచి పిల్లలు చెక్క విమానాలు ఎగరేసేవాళ్లు. కొలంబియా నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుందంటారు. మాకు మబ్బు కనిపించింది.

రాత్రి ఒక మోటెల్‌లో దిగాం. "రివర్ వ్యూ" అన్నారు. కిటికీ తీస్తే చెత్త డబ్బాలు, వాటి మీంచి మెడ సాచితే ఇంత నది. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. హీటర్ మాత్రం బాగా పనిచేసింది, తడిసిన సాక్సులన్నీ దాని మీదే ఆరాయి. శాకాహారులకి ఊళ్లో పిజ్జాలే దిక్కు. పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. దగ్గర్లోని సీసైడ్ ఊళ్లో లూయిస్, క్లార్క్ బృందం సముద్రపు నీటితో ఉప్పు కాచిన పొయ్యి నమూనా ఉంది, పది నిమిషాల పని.

ఆదివారం దొరికింది డబ్బా. నాచు పట్టిన దుంగ కింద, జిప్ కవర్లో జిప్ కవర్, అయినా పుస్తకం అంచులు చెమ్మగిల్లాయి. మా అమ్మాయి నా గొడుగు కిందే కూర్చుని "అ" ముద్ర వేసింది. నేను పక్కన మామూలు "అ" పెన్నుతో రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా, తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా వస్తే వాళ్లే కనిపెడతారు" అంది.