ఏళ్ల సర్వీసు తర్వాత ఎం.ఎడ్.: ఏది పనికొస్తుంది, ఏది మూలన పడుతుంది

ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లకు ఎం.ఎడ్. పాఠం చెప్పడం నేర్పదు. ఆ సంగతి తెలిసి చేరితే నిరాశ ఉండదు. అది నేర్పేది కొలవడం. పిల్లలకు వచ్చేసిందని మనం అనుకుంటున్నది నిజంగా వచ్చిందా, వస్తే మన పద్ధతి వల్లే వచ్చిందా అన్నది తేల్చుకునే పని అది. డిగ్రీ చేతికొచ్చి చాలా కాలమైనా ఇప్పటికీ వాడుతున్నవి మూల్యాంకనం పేపరు, పరిశోధనా పద్ధతుల పేపరు, డిజర్టేషన్ (సొంతంగా చేసి రాసే పరిశోధనా గ్రంథం). మిగతావాటి నోట్సు అటక మీద ఉంది.

తత్వశాస్త్రం, మనోవిజ్ఞానం పేపర్లలో సగం బి.ఎడ్.లో చదివినవే. పిల్లల ఆలోచన ఎదిగే తీరుపై పియాజె దశలు, వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం (ఒంటరిగా చేయలేక, సాయంతో చేయగలిగే మేర), నేర్చుకోవడాన్ని మెట్లుగా పేర్చిన 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ, 2001లో దాన్ని సవరించి ‘సృజించడం’ పై మెట్టున పెట్టడం, అన్నీ మళ్లీ వస్తాయి. వీటికి పరీక్ష ముందు చదివితే చాలు. విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో చెప్పిన ‘బోధనా విషయ జ్ఞానం’ అనే భావన దగ్గర మాత్రం ఆగాలి. సబ్జెక్టు తెలియడం వేరు, క్లాసు నడపడం వేరు, ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో తెలియడం ఇంకోటి. 0.4 కంటే 0.35 పెద్దదని పిల్లవాడు ఎందుకంటాడో సీనియర్ టీచరుకు తెలుసు. దాన్ని జ్ఞానంగా లెక్కగట్టి, రాసి, ఇంకొకరికి అందించవచ్చన్న ఆలోచన ఇక్కడే దొరుకుతుంది. డిజర్టేషన్ టాపిక్ వెతుక్కునేవాళ్లకు ఇంతకన్నా మంచి గని లేదు.

స్టాఫ్‌రూమ్ నమ్మకాలు కొన్ని ఈ చదువులో కూలిపోతాయి. చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అని పిల్లల్ని విడదీసి దానికి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. అయినా కొన్ని సిలబస్‌లలో ఇది ఇంకా పాఠంగానే ఉంటుంది. రూత్ బట్లర్ 1988 నాటి ప్రయోగమూ అలాంటిదే. వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు మెరుగుపడ్డారు, మార్కూ వ్యాఖ్యా కలిపి ఇచ్చినవాళ్లకు ఆ లాభం రాలేదు. నోట్‌బుక్కులు దిద్దే పద్ధతి మార్చుకోవడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

పెట్టిన కష్టానికి ఎక్కువ తిరిగిచ్చేది మూల్యాంకనం పేపరు. ప్రశ్నాంశ విశ్లేషణ ఒకసారి చేతికొస్తే ప్రశ్నపత్రం తయారుచేసే తీరే మారిపోతుంది. 40 మంది జవాబుపత్రాలను మొత్తం మార్కుల వరుసలో పేర్చి, పై 27 శాతం, కింది 27 శాతం విడిగా తీయాలి. అంటే అటు 11, ఇటు 11. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 4 మంది సరిగ్గా రాశారనుకుందాం. 13ని 22తో భాగిస్తే కఠినతా స్థాయి 0.59 (ఇది ఎంత ఎక్కువైతే ప్రశ్న అంత సులువు). తేడా 5ను 11తో భాగిస్తే విచక్షణా శక్తి, అంటే పైవాళ్లనూ కిందివాళ్లనూ ప్రశ్న ఎంత వేరు చేస్తుందన్నది, 0.45. అది 0.40 దాటితే ప్రశ్న బాగున్నట్టు, 0.20 లోపు ఉంటే తిరగరాయాల్సినట్టు. రుణాత్మకంగా వస్తే, అంటే బాగా చదివేవాళ్లే తప్పు రాస్తే, మొదట జవాబుల కీ చూడాలి, తర్వాత ప్రశ్న వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందేమో చూడాలి. చాలాసార్లు తప్పు కీలోనే దొరుకుతుంది. గుంపులో 11 మందే ఉన్నప్పుడు ఒక్క పిల్లవాడి జవాబు మారితే ఈ విలువ 0.09 కదులుతుంది కాబట్టి, ఒక్క సెక్షను చూసి ప్రశ్నను పారేయకూడదు.

అదే పేపర్లో మాపన ప్రామాణిక దోషం వస్తుంది, అంటే ఒకరి మార్కు అసలు స్థాయి నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉండొచ్చన్నది. ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది) 10, విశ్వసనీయత (మళ్లీ కొలిచినా అదే ఫలితం ఎంతవరకు వస్తుందన్నది) 0.84 ఉన్న పరీక్ష తీసుకోండి. 1లోంచి 0.84 తీసేస్తే 0.16, దాని వర్గమూలం 0.4, దాన్ని 10తో గుణిస్తే 4 మార్కులు. అలాంటి పరీక్షలో 52 వచ్చినవాడికీ 55 వచ్చినవాడికీ తేడా ఉందని చెప్పడానికి లేదు. ర్యాంకులు ప్రకటించే ముందు ఈ లెక్క ఒక్కసారి వేస్తే చాలు, చాలా ప్రకటనలు ఆగిపోతాయి.

ఇక డిజర్టేషన్. సర్వీసులో ఉన్నవాళ్లు తరచూ ఎంచుకునేది ‘ఈ పద్ధతిలో చెబితే సాధన పెరుగుతుందా’ అన్న ప్రయోగం. ఇందులో గుంటలు ఎక్కువ. వెనకబడిన పిల్లల్ని ఏరి, ముందూ వెనకా పరీక్ష పెట్టి, సగటు పెరిగింది కాబట్టి పద్ధతి పనిచేసిందంటే పరీక్షకుడు ఒప్పుకోడు. అతి తక్కువ మార్కులవాళ్లను ఏరినప్పుడు, ఏమీ చేయకపోయినా రెండోసారి సగటు కొంత పైకే వస్తుంది. మొదటి పరీక్ష రోజు దురదృష్టం కూడా ఆ మార్కుల్లో కలిసి ఉంటుంది మరి. పైగా వాళ్లు ఈలోగా మామూలు పాఠాలూ విన్నారు, అదే తరహా పరీక్ష ఒకసారి రాశారు. అందుకే పోల్చడానికి ఇంకో గుంపు తప్పనిసరి.

ఆ గుంపు పక్క సెక్షనే అయితే మరో చిక్కు. రెండు సెక్షన్లలో 35 మంది చొప్పున ఉంటే, రెండు సగటుల తేడాను పరీక్షించే టి-టెస్ట్ పెద్ద తేడాలనే పట్టగలదు. గణాంకవేత్త జేకబ్ కోహెన్ కొలమానం ప్రకారం, సగటుల తేడా ప్రామాణిక విచలనంలో 0.5 వంతు ఉంటే మధ్యస్థ ప్రభావం. దాన్ని 0.05 సార్థకతా స్థాయిలో (లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతం), 80 శాతం శక్తితో (ఉన్న తేడాను పట్టే అవకాశం) పట్టాలంటే గుంపుకు 64 మంది కావాలి. 0.8 ప్రభావానికైతే 26 మంది చాలు. ‘సార్థక భేదం లేదు’ అని ముగిసే డిజర్టేషన్లలో పద్ధతి విఫలమైందో, మంది చాలలేదో చెప్పలేని పరిస్థితి ఇక్కడే వస్తుంది. p విలువతో (అసలు తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే సంభావ్యత) పాటు ప్రభావ పరిమాణమూ రాస్తే చదివేవాళ్లకు ఉపయోగం. సెక్షన్లు యాదృచ్ఛికంగా ఏర్పడినవి కావని పరిమితుల్లో రాయడం కూడా తప్పదు. ఇద్దరు వేర్వేరు టీచర్లు చెబితే పద్ధతి తేడాకు టీచరు తేడా తోడవుతుంది, ఒకరే చెబితే కొత్త పద్ధతి తెలియకుండానే రెండో సెక్షన్లోకి జారుతుంది. రెంటిలో ఏది ఎంచుకున్నా వైవాలో కారణం అడుగుతారు.

ప్రశ్నావళి దారి సులువనిపిస్తుంది. అది భ్రమ. 30 అంశాలు చివరికి మిగలాలంటే 50కి పైగా రాసుకోవాలి, అసలు నమూనాలో లేనివాళ్ల మీద పైలట్, అంటే చిన్న ప్రయత్నం, చేయాలి. వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాల స్కోరు తిప్పడం మరచిపోవడం అందరూ చేసే పొరపాటు. 1 నుంచి 5 దాకా స్కోరిచ్చే అయిదు బిందువుల మాపనిలో 6లోంచి స్కోరు తీసేయాలి, అంటే 1 వస్తే 5, 2 వస్తే 4. అది చేయకపోతే అంశాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా వెళుతుంది. 0.70 దాటితే సరే అంటారు. 0.95 దాటితే సంబరపడకూడదు, ఒకే వాక్యాన్ని మాటలు మార్చి పదిసార్లు అడిగారన్నమాట. వేరొకరి పరికరం వాడితే లిఖితపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. అనువదిస్తే ఇంకొకరితో మూలభాషలోకి తిరిగి అనువదింపజేసి రెండూ సరిచూడాలి.

ఇంటర్వ్యూలు ఎంచుకుంటే గంట రికార్డింగు రాతలో పెట్టడానికి నాలుగు గంటలైనా పడుతుందని లెక్కేసుకోండి. తోటి టీచర్లను అడిగినప్పుడు ‘మీకు తెలుసు కదా’ అని సగంలో ఆపేస్తారు. ‘తెలియదనుకుని చెప్పండి’ అని అడగకపోతే విశ్లేషణకు మిగిలేది ఆ సగం వాక్యమే.

సొంత క్లాసు పిల్లల మీద పరిశోధనకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. మార్కులు వేసే టీచరు అడిగితే పిల్లలు కాదనరు. హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల ఇష్టం మూడూ విడివిడిగా తీసుకోవాలి. ప్రశ్నావళి ఇంకో టీచరు చేత ఇప్పించడం మంచిది. పేర్ల బదులు కోడ్ నంబర్లు వాడి, ఏ నంబరు ఎవరిదో రాసిన ఫైలు డేటాతో కలపకుండా వేరుగా ఉంచాలి.

గణాంకాల సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే ఎస్‌పీఎస్‌ఎస్ నేర్పుతారు, కానీ అది డబ్బు పెట్టి కొనేది, లైసెన్సు ముగిశాక ఫైళ్లు తెరవడానికే ఇబ్బంది. జమోవి, జాస్ప్ ఉచితం, ఈ స్థాయి డిజర్టేషన్‌కు కావలసిన పరీక్షలన్నీ ఉన్నాయి. ముడి డేటా సీఎస్‌వీలోనూ (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సాదా ఫైలు) దాచుకుంటే ఏ ప్రోగ్రాం పోయినా బెంగ లేదు. పాత పరిశోధనలు వెతకడానికి విద్యారంగ వ్యాసాల ఎరిక్ డేటాబేస్, గూగుల్ స్కాలర్ చాలు. ఉల్లేఖనలకు జొటేరో అనే ప్రోగ్రాం మొదటి రోజు నుంచే వాడాలి, చివర్లో మొదలుపెడితే ఉపయోగం పోతుంది. చదివిన ప్రతి వ్యాసానికీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుస: ప్రశ్న, నమూనా, పరికరం, ఫలితం, లోపం. ఈ అలవాటు ఉంటే పాత పరిశోధనలను సమీక్షించే రెండో అధ్యాయం దానంతటదే రూపు కడుతుంది.

రాతలో టీచర్లు పట్టుబడేది ఉపదేశ ధోరణి దగ్గర. ‘ఉపాధ్యాయులు ఇలా చేయాలి’ అనే వాక్యం మొదటి అధ్యాయంలోనే వచ్చేస్తుంది. డేటా చెప్పనిది చెప్పినట్టు రాస్తే గైడ్ కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా.

క్లాసు క్రమశిక్షణ, సబ్జెక్టు లోతు కోసమైతే ఈ డిగ్రీ వద్దు. సబ్జెక్టు బలపడాలంటే అదే సబ్జెక్టులో పీజీ మేలు. చేరే ముందు రెండు విషయాలు కనుక్కోండి. మొదటిది, డిజర్టేషన్ తప్పనిసరా, బదులుగా రెండు పేపర్లు రాసి తప్పించుకోవచ్చా? తప్పించుకునే వీలున్నా వాడుకోకండి. రెండోది, మీ గైడ్ ఏ పద్ధతిలో పనిచేస్తారు, అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు తిరిగిస్తారు? గణాంకాల గైడ్ కింద ఇంటర్వ్యూల పరిశోధన చేస్తే ప్రతి మీటింగులోనూ నమూనా ఎందుకింత చిన్నదన్న ప్రశ్నే వస్తుంది. డేటా సేకరణ మీ స్కూలు క్యాలెండరులో ఎక్కడ పడుతుందో వెనక నుంచి లెక్కేసి చూసుకోండి. ఎనిమిది వారాల బోధన అనుకుంటే పరీక్షలు, సెలవులు, గైర్హాజరీలు పోగా ఆరు మిగలడం కష్టం. సినాప్సిస్‌లోనే (మొదట ఇచ్చే పరిశోధన ప్రణాళిక) ఆరు వారాలని రాయండి.