రాకెట్ వదిలినవాడు, వదలనివాడు

టోర్బెన్ ఉల్రిక్, యాన్ లెష్లీ ఇద్దరూ డెన్మార్క్ తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడినవాళ్లే. గుబురు గడ్డం, పొడవాటి జుట్టుతో ఉల్రిక్ 1977లో, దాదాపు 49 ఏళ్ల వయసులోనూ కోర్టులో దిగాడు. క్లారినెట్ వాయించాడు, బొమ్మలు వేశాడు. మెటాలికా అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ లార్స్ ఇతని కొడుకే లెండి.

లెష్లీ లెక్క వేరు. ఫార్మసీ చదువుకున్నాడు. 1967లో అమెరికా ఛాంపియన్‌షిప్ సెమీస్ దాకా వెళ్లి క్లార్క్ గ్రేబ్నర్ చేతిలో ఓడాడు. ఆ తర్వాతంతా మందుల కంపెనీలే: నోవో, స్క్విబ్, చివరికి స్మిత్‌క్లైన్ బీచమ్. అక్కడ 1994 నుంచి 2000 దాకా సీఈఓ. తర్వాత సొంతంగా పెట్టుబడుల సంస్థ పెట్టుకున్నాడు.

డబ్బు, హోదా చూస్తే లెష్లీదే పైచేయి. నాకు అసూయ మాత్రం ఉల్రిక్ మీదే.