పన్నుకు మత్తు సూది: మందుకు మంచి మార్కులే, తొందరకే కోత

నల్లగొండ, మిర్యాలగూడ క్లినిక్కుల్లో ఏళ్లుగా రెండు దవడలకూ వేయించుకున్నాక రాస్తున్న సమీక్ష ఇది. రూట్ కెనాల్‌కైనా, పన్ను పీకడానికైనా ఎక్కువగా వాడేది ఒకే మందు: అడ్రినలిన్ 1:80,000 కలిపిన 2 శాతం లిగ్నోకైన్. మత్తెక్కించేది లిగ్నోకైన్, దాన్ని ఎక్కువసేపు నిలిపేది అడ్రినలిన్. కొందరు సీసాలోంచి మామూలు సిరంజిలోకి తోడతారు, కొందరు మందు ముందే నింపి వచ్చే 1.8 మి.లీ. గొట్టం, అంటే కార్ట్రిడ్జ్ వాడతారు. మందు పనిలో తేడా లేదు. కాకపోతే రబ్బరు మూతలో గుచ్చిన సూదితోనే చిగురులో పొడిస్తే మొన మొద్దుబారి ఎక్కువ నొప్పి పెడుతుంది. సూది మార్చమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పై దవడ తేలిక. ఎముక గుల్లగా ఉంటుంది కాబట్టి పన్ను పక్కన వేస్తే రెండు మూడు నిమిషాల్లో పట్టేస్తుంది. పీకేటప్పుడు అంగిలిలో వేసే సూది మాత్రం మహా చెడ్డది. అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది, మందుకు చోటు ఉండదు. చుక్కచుక్కగా వదిలితేనే ఓర్చుకోగలం.

అసలు పేచీ కింది దవడ పళ్లతోనే. ఎముక గట్టిది, మందు ఇంకదు. అందుకే నోటి చివర నరం దగ్గర వేస్తారు. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది పడుతుంది. కింది పెదవి సగం, గడ్డం మధ్యగీత దాకా మొద్దుబారిందా చూసుకోండి. నాలుక ఒక్కటే తిమ్మిరెక్కితే లెక్కలోకి రాదు. పెదవి మొద్దుబారకముందే డ్రిల్లు ఆన్ చేస్తే ఆపమని చెయ్యెత్తండి.

పెదవి మొద్దుబారినా పన్ను జివ్వుమంటోందంటే లోపల నరం వాచి ఉందన్నమాట. వాపున్న చోట ఆమ్లం పెరిగి మందు నరంలోకి సరిగ్గా దూరదు, పైగా వాచిన నరం ఊరికే రేగుతుంది. అప్పుడు పక్కన ఆర్టికైన్ అనే ఇంకో మత్తుమందు వేస్తారు, లేదా పంటికీ ఎముకకూ మధ్య సందులో వేస్తారు. ఏదీ పనిచేయకపోతే నేరుగా పన్ను లోపలికే. అది ఒక్క క్షణం ప్రాణం తీస్తుంది, ఆ తర్వాత హాయి. రాత్రిళ్లు సలపడం మొదలయ్యేదాకా ఆగకుండా వెళ్తే ఇదంతా చాలావరకు తప్పుతుంది.

రెండోసారి, మూడోసారి వేస్తే ఏమవుతుందోనని భయం వద్దు. లిగ్నోకైన్ పరిమితి ఒంటి బరువులో కిలోకు 7 మి.గ్రా. ఒక కార్ట్రిడ్జ్‌లో ఉండేది 36 మి.గ్రా. 60 కిలోల ఆరోగ్యవంతుడికి ఆ లెక్కన పదకొండు దాకా వస్తాయి, కానీ ఇందులోని అడ్రినలిన్‌కూ పరిమితి ఉంది కాబట్టి ఎనిమిది దగ్గరే ఆగాలి. పిల్లలకు మాత్రం బరువు చూసే ఇవ్వాలి. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి, వాళ్లకు అడ్రినలిన్ తగ్గిస్తారు. సూది వేయగానే గుండె దడదడలాడితే అది ఆ అడ్రినలిన్ పనే, కాసేపట్లో దిగుతుంది. దాన్ని ‘నాకు ఆ సూది పడదు’ అని జీవితాంతం చెప్పుకునేవాళ్లు మన దగ్గర బోలెడు. ఖాళీ కడుపుతో వచ్చి కళ్లు తిరిగితే ఆ నింద కూడా మందు మీదికే.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గార పళ్లకు మత్తు ఎక్కదని అంటారు. గార పంటి పైపొరది, మందు పనిచేసేది నరం మీద. గుట్కా సంగతి వేరు. నోరు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా దూరకపోతే ఎంత చెయ్యి తిరిగిన డాక్టరైనా ఆ నరం దాకా సూది పంపడానికి తిప్పలు పడాల్సిందే.

మార్కులు: మందుకు ఐదుకు నాలుగున్నర. నిమిషానికి 1 మి.లీ. చొప్పున మెల్లగా వేసి, పట్టేదాకా ఆగే డాక్టరుకు ఐదు. సర్రున ఎక్కించి ‘అయిపోయింది’ అనేవాళ్లకు రెండు.

పంటి మత్తు గంటకే దిగినా పెదవిది మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. అందాకా చాయ్, మిర్చి బజ్జీ బంద్. పిల్లలైతే పెదవి కొరుక్కుంటారు. మర్నాడు అక్కడ తెల్లగా కనబడేది చీము అనుకుని పెద్దవాళ్లు కంగారు పడతారు, అది కొరికిన పుండే. నరం దగ్గర సూది పడ్డాక రెండు మూడు రోజులు దవడ పట్టేస్తే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి మెల్లగా నోరు తెరుస్తూ ఉండాలి. డాక్టరు రాసిన నొప్పి మాత్ర మత్తు దిగకముందే వేసుకోండి. దిగాక వేసుకుంటే అది పట్టేదాకా దవడ పట్టుకుని కూచోవాలి.